అల్లుడు గారి బోణీ క్లిక్

నేను పుట్టి పెరిగిందీ, కాపురం చేస్తున్నదీ నూజివీడు మామిడి తోటల మధ్యే. ఇంతవరకూ ఒక్క మంచి కాయ తిన్న గుర్తు లేదు. మంచి కాయలన్నీ కాగితాలు చుట్టుకుని, పెట్టెల్లో పడుకుని, లారీలెక్కి ఉత్తరాదికి వెళ్ళిపోతాయి. మాకు మిగిలేవి దెబ్బ కాయలు. ఒకవైపు నల్లగా కమిలిపోయి, రెండోవైపు ఫరవాలేదనిపించేవి. కమిలింది చాకుతో తీసేసి, మిగిలింది తిని, ఎంత తియ్యగా ఉందో అని ఒకరికొకరం చెప్పుకుంటాం. బయటి ఊళ్ళలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి, "మీకేంటమ్మా, నూజివీడులో ఉన్నారు, మూడు పూటలా రసాలే" అంటారు. నేను ఔనంటాను. కాదంటే పిసినారితనం అనుకుంటారు.

ఆ దెబ్బ కాయలు మా ఇంటికి వచ్చేది ఎక్కువగా కాయ ఏరి లారీలకెక్కించే షెడ్ల నుంచి. "మీ కోసం ప్రత్యేకంగా తీసిపెట్టామండీ" అని సంచీ చేతికిస్తారు. ప్రత్యేకంగా తీసిపెట్టిన మాట నిజమే. ఎందులోంచి తీశారన్నదే వాళ్ళు చెప్పరు, నేను అడగను.

షెడ్లతో నాకేం పనంటే, మా ఆయనా నేనూ బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతాం. ఎం.సి.ఏ. చదివింది నేను. బోర్డు మీద ఉన్నది ఆయన పేరు. ఆయన స్క్రూడ్రైవరుతో అయ్యే పనులు చూస్తారు, మిగతావి నేను చూస్తాను. ఈ ఏర్పాటు మాకు బాగానే ఉంది, ఊరికి మాత్రం ఇంకా అలవాటు కాలేదు. సీజన్‌లో రోజూ ఒక ఫోన్ వస్తుంది.

"మీ ఆయనున్నాడామ్మా? కంప్యూటర్ చెడిపోయింది."

"ఏమవుతోందండీ?"

"నీకు చెప్తే ఏం తెలుస్తదిలే. ఆయనకియ్యి."

ఆయనకిస్తాను. ఆయన ఊఁ ఊఁ అంటూ మొత్తం విని, ఫోన్ నాకిస్తారు.

ఇప్పుడు చెప్పబోయే షెడ్డు ఫోన్ కూడా అలాగే వచ్చింది. జి. కొండూరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుందది. రైతులు ట్రాక్టర్ల మీద కాయ తెస్తారు. ఓనరు కాటా వేయించి, దింపించి, ఏరించి, లారీలకెక్కిస్తాడు. అక్కడ కొన్నాళ్ళుగా కాటా చీటీల్లో పేర్లు మారిపోతున్నాయట. ఒక రైతు కాయ ఇంకో రైతు పేరు మీద పడుతోందట. రైతులు కిటికీ దగ్గర నిలబడి ఒకళ్ళ చొక్కాలు ఒకళ్ళు పట్టుకుంటున్నారట.

"కాటా దగ్గర ఒక పిల్ల ఉందిలే, దాని పనే," అన్నాడు ఓనరు. "కానీ మా అల్లుడు గారు ఏమన్నారంటే, ఒకసారి మిషను కూడా చూపించండి మావయ్యా, తర్వాత మనం మాటపడకూడదు అన్నారు. ధర్మాత్ముడు. మీ ఆయన్ని రేపు పొద్దున్నే పంపు. రేపటితో తేలిపోవాల. మిషను తప్పయితే మిషను బాగుచేయిస్తా. పిల్ల తప్పయితే కుర్చీలోంచి లేపి వాళ్ళమ్మ పక్కన కాయ ఏరడానికి కూర్చోబెడతా."

అంటే ముద్దాయిలు ఇద్దరే. మిషనూ, పిల్లా.

మర్నాడు తెల్లవారగానే స్కూటీ మీద వెళ్ళాను. అప్పటికే రోడ్డు పక్కన ట్రాక్టర్లు వరస కట్టాయి. షెడ్డులో రేకుల కింద కాయ కొండలా పోసి ఉంది. దాని చుట్టూ గోనెపట్టాలు పరుచుకుని ఆడవాళ్ళు కూర్చుని ఏరుతున్నారు. పెద్దది ఒక ట్రేలోకి, చిన్నది ఒక ట్రేలోకి, దెబ్బ తగిలింది వెనక్కి. వాళ్ళ చేతులు కాయ వంక చూడకుండానే కాయని కనిపెట్టేస్తున్నాయి. ఓనరు మడత మంచం మీద కూర్చుని నా స్కూటీ వెనక ఎవరైనా దిగుతారేమోనని చూశాడు.

"మెకానిక్ గారేడమ్మా?"

"నేనేనండీ."

"ఓహో." నా స్కూటీ వెనక ఇంకోసారి చూశాడు. "సర్లే, నువ్వు చూస్తా ఉండు. ఆయనొస్తాడుగా."

కాటా గది చిన్నది. కాటా వైపు ఒక కిటికీ, షెడ్డు వైపు ఒక తలుపు. మధ్యలో బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని నుదుటన పసుపూ కుంకుమా. ఎదురుగా తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో ఆ అమ్మాయి. ఉంగుటూరు వైపు పిల్ల, బీకాం కంప్యూటర్స్ చదివింది. వాళ్ళమ్మ చాలా ఏళ్ళుగా అదే షెడ్డులో కాయ ఏరుతుంది. తలుపు తీసి ఉంటే గోనెపట్టా మీద నుంచి ఆవిడకి కూతురు వీపూ, కుర్చీ వెనకభాగమూ కనిపిస్తాయి. ఆవిడ సరిగ్గా అవి కనిపించే చోటే కూర్చుంటుందని రెండు నిమిషాల్లో నాకు అర్థమయింది.

"మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంది మేడమ్, మా పిల్ల కుర్చీలో కూర్చుని పనిచేస్తదని," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "కంప్యూటర్ అని కూడా చెప్పదు. కుర్చీ అనే చెప్తది. ఇప్పుడు నన్ను పట్టా మీద కూర్చోబెడితే మా అమ్మ ఇక చర్చికి రాదు."

పని ఎలా నడుస్తుందో చెప్పమన్నాను. చెప్పింది. సరుకు బండి కాటా మీదకి రాగానే రైతు పేరు కొట్టి ఒక మీట నొక్కుతుంది. బండి లోపలికి వెళ్ళి కాయ దించుకుని, ఖాళీగా మళ్ళీ కాటా ఎక్కుతుంది. అప్పుడు ఇంకో మీట నొక్కుతుంది. రెండు తూకాల తేడాతో చీటీ వస్తుంది. షెడ్డులోకి ఒకటే దారి, బయటకీ ఒకటే దారి. ముందు వెళ్ళిన బండే ముందు బయటకొస్తుంది. కాబట్టి పేర్లు ఆ వరసలోనే గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ గుర్తుపెట్టుకునే పని ఒక స్క్రిప్టు ప్రోగ్రాముది. మనిషి చేయాల్సిన టైపింగూ క్లిక్కులూ తనే చేసిపెడుతుంది. కాటా అంకె చదివి, చీటీలో వేసి, ప్రింటరుకి పంపుతుంది. దాన్ని పెట్టింది అల్లుడు గారు. ఆయన హైదరాబాదులో కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చేశారు. ఎందుకు వచ్చేశారన్న దానికి ఊళ్ళో రెండు కథలున్నాయి. షెడ్డులో ఒకటే ఉంది.

"తప్పు ఎప్పుడొస్తోంది?"

"పొద్దున పూట మేడమ్. మొదట బాగానే ఉంటది. ఎండెక్కాక పేర్లు అటూ ఇటూ అయిపోతాయి. నేను సరిగ్గానే కొడతా. చీటీలో వేరే పేరు వస్తది. ఓనరు గారికి రోజూ చెప్తా, వినరు. భోజనాలప్పుడు షెడ్డు ఖాళీ అవుతది కదా, అప్పుడు ఆపి మళ్ళీ పెడతా. ఇక సాయంత్రం దాకా బాగుంటది."

"మధ్యలో కంప్యూటరు ఎవరైనా ముట్టుకుంటారా?"

"ఎవరూ ముట్టుకోరు మేడమ్. నేనొక్కదాన్నే."

ఆ చివరి మాట నేను నమ్మాను. ఆ అమ్మాయి కూడా నమ్మే చెప్పింది.

డెస్క్‌టాప్ మీద స్క్రిప్టు ఐకాన్ ఒకటే ఉంది. దాని ప్రాపర్టీస్ తెరిచాను. ప్రోగ్రాముని ఎలా మొదలుపెట్టాలో రాసి ఉండే గడి ఉంటుంది కదా, అందులో ఉన్నది గడిలో పట్టలేదు. బాణం మీట నొక్కుతూ వెళ్తుంటే అయిపోదే! మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూశాను. ముందు ప్రోగ్రాము పేరు. తర్వాత రెండు ఆప్షన్లు. ఒకటి 'రీస్టార్ట్', ఒకటి 'సైలెంట్'. తర్వాత స్క్రిప్టు ఫైలు పేరు. ఆ తర్వాత పెళ్ళి ఊరేగింపులా ఒక తోక. 'సింగిల్' అని ఒకటి, 'నో రీస్టార్ట్' అని ఒకటి, 'వార్న్' అని ఒకటి, మళ్ళీ 'సింగిల్'. ఆ చివర ఎవరో నిస్సహాయుడు 'నో' అని మాత్రం రాసి వదిలేశాడు.

రీస్టార్ట్ అంటే, స్క్రిప్టు ఇప్పటికే నడుస్తున్నా సరే, దాన్ని చంపేసి కొత్తగా మొదలుపెట్టు. సింగిల్ అంటే, నడుస్తుంటే దాన్ని ముట్టుకోకు, రెండోది మొదలుపెట్టకు. ఒకే లైనులో ఈ రెండూ ఉండటమంటే, ఒకే మనిషిని లేవమనీ కూర్చోమనీ చెప్పడం. సైలెంట్ అంటే తెలిసిందే. ఏం జరిగినా నోరెత్తకు.

"ఇవన్నీ ఎవరు రాశారమ్మా?"

"ముందున్న రెండూ అల్లుడు గారివి మేడమ్. వెనకవి రిపేరుకొచ్చిన వాళ్ళవి. అల్లుడు గారు రాసింది తీయడానికి లేదని ఓనరు గారు ముందే చెప్తారు. కావాలంటే చివర రాసుకోండి అంటారు. వచ్చినోళ్ళంతా చివర రాసి వెళ్ళిపోయారు."

ఆ ఇంట్లో అల్లుడు గారి మాట మీద మాట ఉండదని విన్నాను కానీ, కమాండ్ లైనులో కూడా ఉండదని అనుకోలేదు. పైగా వచ్చినవాళ్ళెవరూ చూసుకోని సంగతి ఒకటుంది. ఈ ప్రోగ్రాము, ఫైలు పేరుకి ముందు రాసిన ఆప్షన్లని మాత్రమే తనకిచ్చిన ఆజ్ఞలనుకుంటుంది. ఫైలు పేరు తర్వాత ఏం రాసినా, అది నాకు కాదులే అని స్క్రిప్టుకి అందించేస్తుంది. స్క్రిప్టులో వాటిని చదివే లైను ఒక్కటీ లేదు. అంటే ముందు రాసింది ఆజ్ఞ. వెనక రాసింది రాసినవాడి మనశ్శాంతి. రీస్టార్టుకీ సింగిల్‌కీ గొడవ జరిగి రీస్టార్ట్ గెలిచిందనుకుంటే పొరపాటు. సింగిల్ గోడు వినేవాళ్ళే అక్కడ లేరు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ రీస్టార్ట్ ఉన్నంత మాత్రాన తప్పు జరగదు. నడుస్తుండగా ఎవరో ఒకరు ఐకాన్‌ని మళ్ళీ నొక్కాలి. ఈ అమ్మాయి నొక్కనంటోంది. ఎవరూ ముట్టుకోరంటోంది. సరే, జరిగేదేదో చూద్దామని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. బండ్లు వస్తున్నాయి, వెళ్తున్నాయి. చీటీలు సరిగ్గా పడుతున్నాయి. ఆ అమ్మాయి వేళ్ళు తడబడటం లేదు. ప్రతి పేరూ కొట్టాక ఒకసారి పైకి చదువుకుని మీట నొక్కుతోంది.

ఓనరు మధ్యమధ్యలో మంచం మీద నుంచే కేక వేస్తున్నాడు. "ఏమే, నిద్రొస్తందా? సరిగ్గా చూసి కొట్టు!" ఒకసారి లోపలున్న వాళ్ళమ్మ వైపు తిరిగి, "నీ కూతురు చదివింది కామర్సా, కాకరకాయా?" అన్నాడు. ఏరుతున్న ఆడవాళ్ళు కొందరు నవ్వారు. నవ్వాల్సిన చోట నవ్వడం కూడా అక్కడ పనిలో భాగమే. ఆవిడ తల ఎత్తలేదు. చేతిలోని కాయని అటూ ఇటూ తిప్పి, చిన్నవాటి ట్రేలో పెట్టింది.

ఎండెక్కాక కారు వచ్చింది. అల్లుడు గారు దిగారు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, టిఫిన్ బాగా జరిగిన మొహం. ఓనరు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం అప్పుడే చూశాను.

"రండి అల్లుడు గారూ. బోణీ మీ చేత్తో కానివ్వండి."

అల్లుడు గారు గుమ్మం బయట చెప్పులు విడిచారు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన కూర్చోలేదు. మౌసుని కళ్ళకద్దుకుని, నిలబడే, స్క్రిప్టు ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేశారు. తెర ఒక్కసారి రెప్పలార్పినట్టయింది. సైలెంట్ కాబట్టి ఏ మాటా రాలేదు. "శుభం," అన్నాడు ఓనరు.

అప్పటికి షెడ్డు లోపల నాలుగైదు బండ్లు కాయ దించుకుంటున్నాయి. వాటి పేర్లన్నీ ఆ శుభంతో పోయాయి.

నేను ఆ అమ్మాయి వంక చూశాను. "రోజూ ఇలాగే చేస్తారా?"

"అవును మేడమ్. ఆయన చెయ్యి మంచిదని."

"మరి ఎవరూ ముట్టుకోరన్నావు?"

"అది బోణీ కదా మేడమ్," అంది ఆశ్చర్యంగా. "ముట్టుకోవడం కాదుగా."

తను పొద్దున్నే ఐకాన్ నొక్కి మొదలుపెట్టేది పని. ఆయన వచ్చి నొక్కేది బోణీ. రెండింటికీ ఐకాన్ ఒకటే కావడం కంప్యూటరుకి తప్ప ఎవరికీ కనపడలేదు.

ఖాళీ బండి ఒకటి కాటా ఎక్కింది. ఆ అమ్మాయి మీట నొక్కింది. కొత్తగా పుట్టిన స్క్రిప్టుకి లోపల ఏ బండీ ఉన్నట్టు తెలియదు. మామూలుగా అయితే, ఈ బండి ఎవరిదో నాకు తెలియదు అని ఒక మాట చెప్పి ఆగాలి. సైలెంట్ కాబట్టి చెప్పలేదు, ఆగలేదు. దాని తర్వాత కాటా ఎక్కిన సరుకు బండి రైతు పేరు పట్టుకుని, ఈ ఖాళీ బండికి చీటీ కొట్టేసింది. అక్కడి నుంచి అందరి పేర్లూ నాలుగైదు మెట్లు పక్కకి జరిగాయి. ఆ అమ్మాయి చీటీ చూసి, "ఇదిగో మేడమ్, వచ్చేసింది," అంది, జ్వరం మళ్ళీ వచ్చిందని చెప్పినట్టు.

కిటికీ దగ్గర అరుపులు మొదలయ్యాయి. "నా బంగినపల్లి ఈయన పేరు మీద ఎట్టా పడింది?" అని ఒక రైతు. "నేనింకా కాయే దించలేదయ్యా, నాకు చీటీ వచ్చింది," అని ఇంకో రైతు. ఓనరు వచ్చాడు. ఏమిటని అడగలేదు. "చూశావా అమ్మా!" అన్నాడు నాతో. "మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని కూడా తప్పు కొట్టింది. భయం కూడా లేదు దీనికి!" తర్వాత ఆ అమ్మాయితో ఏమన్నాడో మొత్తం రాయను. అందులో కళ్ళ ప్రస్తావన ఉంది, తిన్న తిండి ప్రస్తావన ఉంది, పుట్టిన పేట ప్రస్తావన కూడా ఉంది. అదంతా తలుపు తీసి ఉండగానే అన్నాడు.

"తప్పు ఈ అమ్మాయిది కాదండీ," అన్నాను.

"మిషనుదా?"

"మిషనుది కూడా కాదు."

మూడో ముద్దాయి కోసం ఓనరు గది అంతా చూశాడు. అక్కడ ఉన్నది మేం కాక అల్లుడు గారొక్కరే. నేను వీలైనంత మెత్తగానే చెప్పాను. పొద్దున్న అమ్మాయి మొదలుపెట్టాక మళ్ళీ నొక్కితే పేర్లు పోతున్నాయనీ, లైనులో రీస్టార్ట్ అన్న మాట ఉండటం వల్లనే అలా అవుతోందనీ, వెనక ఎన్ని సింగిల్స్ రాసినా ప్రోగ్రాము వినదనీ చెప్పాను. ఎవరు నొక్కారో చెప్పలేదు. కిటికీ అవతల రైతులు ఆ ఖాళీని తమంతట తామే పూరించుకున్నారు.

అల్లుడు గారు కళ్ళద్దాలు తీశారు. "రీస్టార్ట్ నేనే పెట్టాను. ఫ్రెష్‌గా స్టార్ట్ అవ్వాలని పెట్టాను. సైలెంట్ కూడా నేనే పెట్టాను. ఎర్రర్స్ రాకూడదని."

"ఎర్రర్స్ కనపడవండీ," అన్నాను. "జరుగుతాయి."

నిరూపించమన్నారు. సరేనని షెడ్డు ఖాళీ అయ్యేదాకా కొత్త బండ్లని ఆపించి, స్క్రిప్టు మూసి, మళ్ళీ మొదలుపెట్టి, రెండు బండ్లు లోపలికి పంపాను. నొక్కకుండా చూస్తే చీటీలు సరిగ్గా వచ్చాయి. మళ్ళీ రెండు బండ్లు పంపి, మధ్యలో ఐకాన్ నొక్కి చూస్తే పేర్లు మారాయి. తర్వాత నోట్‌ప్యాడ్‌లో లైను బాగుచేసి, రీస్టార్ట్ తీసేసి, సింగిల్‌ని ఫైలు పేరుకి ముందుకి తెచ్చి, మధ్యలో ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాదని చూపించాను. ఓనరు అంతా చూశాడు. అర్థమయింది కూడా. మొహం చూస్తే తెలిసింది. అర్థమయ్యాకే ఇంకా ఇబ్బంది పడ్డాడు.

"అయితే అల్లుడు గారు రాసింది తీసేస్తావా?"

"తీస్తేనే బాగవుతుందండీ."

"కుదరదు. సీజన్ మధ్యలో ఆయన పెట్టింది తీయడమేంటి? మా అమ్మాయి ఏమనుకుంటది? చివర రాసుకో."

"చివర రాస్తే వినదని ఇప్పుడేగా చూశారు."

"గట్టిగా రాయి."

కంప్యూటర్‌కి గట్టిగా ఎలా రాయాలో మా కాలేజీలో చెప్పలేదు. ఒక దారి చెప్పాను. అల్లుడు గారి ఐకాన్ పైకి అలాగే ఉంటుంది, దాని బొమ్మా పేరూ మారవు. దాని వెనక స్క్రిప్టు మాత్రం ఉండదు. నొక్కితే గంట మోగుతుందంతే. అమ్మాయి పనికి పక్కన ఇంకో ఐకాన్ పెడతాను, రీస్టార్ట్ లేకుండా.

"గంట మోగుద్దా?" అన్నాడు ఓనరు. మొహం విప్పారింది. "అట్టయితే ఇంకా బాగుంటది. గుళ్ళో మోగినట్టు మోగుద్దా?"

"మోగుతుందండీ."

పెట్టాను. అల్లుడు గారు నొక్కారు. గంట మోగింది. మేమంతా గౌరవంగా విన్నాం.

"అంటే, నేను నొక్కితే ఇక ఏమీ జరగదన్నమాట," అన్నారు అల్లుడు గారు.

ఎవరూ మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. కిటికీ బయట నుంచి ఒక ముసలి రైతు, పొద్దున తన కాయ పరాయి పేరు మీద పడిన ఆయనే, "ఇన్నాళ్ళూ జరిగింది చాల్లెండి అల్లుడు గారూ," అన్నాడు.

రైతులంతా నవ్వారు. ట్రాక్టర్ల మీద డ్రైవర్లు నవ్వారు. లోపల ఆడవాళ్ళకి సగమే వినపడింది, ఆ సగానికే నవ్వారు. ఓనరు మీసం కూడా కదిలింది, వెంటనే సర్దుకుంది. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను, నా మొహం ఎవరికీ కనపడకుండా. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని, చున్నీ కొస రెండు చేతుల్లో పట్టుకుని, నేల చూస్తోంది. నవ్వు ఆగాక అల్లుడు గారు అటూ ఇటూ చూశారు. రైతుల్ని ఏమీ అనడానికి లేదు, వాళ్ళు కాయ ఎదురు షెడ్డుకి తోలుకుపోతారు. ఏరే ఆడవాళ్ళలో సీజన్‌లో ఒక్కరిని వదులుకున్నా లారీ ఆగిపోతుంది. నేను బయటిదాన్ని. ఆయన చూపు అందరి మీదుగా వెళ్ళి, చివరికి ఆగగలిగిన చోట ఆగింది.

"మావయ్యా, ఆ అమ్మాయి నవ్వింది."

"ఏమే!" అన్నాడు ఓనరు.

"నేను నవ్వలేదండీ."

"తను నవ్వలేదండీ," అన్నాను. "పక్కనే ఉన్నాను, చూశాను."

"అదే చెప్తన్నా. ఇంతమంది నవ్వినప్పుడు నవ్వనోళ్ళు లోపల నవ్వుకుంటారు. అది ఇంకా పొగరు." ఓనరు నా వైపు తిరిగాడు. గొంతు మార్చి, మర్యాదగా అడిగాడు. "మిషను ఇప్పుడు బాగయినట్టేనామ్మా?"

"బాగయిందండీ."

"ఇక పేర్లు మారవు?"

"మారవు."

"ఎవరు కూర్చున్నా సరిగ్గానే చేసుద్దిగా?"

ఆ ప్రశ్న ఎటు పోతోందో నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. "పేర్లు కొట్టడం రావాలండీ," అన్నాను.

"మా అల్లుడు గారికి పేర్లు కొట్టడం రాదా?"

అల్లుడు గారు అప్పటికే జేబురుమాలుతో కుర్చీ తుడుస్తున్నారు. రెండుసార్లు తుడిచి కూర్చున్నారు. కుర్చీ చక్రాలు ఎటు జారుతాయో చూసుకుని, కాళ్ళు సర్దుకున్నారు. ఆ అమ్మాయి బల్ల కింద నుంచి తన సంచీ తీసుకుంది. క్యారేజీ, మంచినీళ్ళ సీసా, ఒక చిన్న దువ్వెన. బల్ల సొరుగులో ఇంకేదో ఉన్నట్టుంది, చెయ్యి అటు వెళ్ళి ఆగింది. సొరుగు అల్లుడు గారి మోకాళ్ళకి ఎదురుగా ఉంది. వదిలేసి వెళ్ళిపోయింది.

అమ్మాయి షెడ్డులోకి వచ్చింది. ఒకావిడ జరిగి చోటిచ్చింది. వాళ్ళమ్మ ఒక ఖాళీ ట్రేని కూతురి ముందుకి తోసింది. ఆ అమ్మాయి పట్టా మీద ఎలా కూర్చోవాలో తెలియనట్టు ఒక్క క్షణం నిలబడి, కూర్చుంది.

నేను ఓనరు వెనకాలే మంచం దాకా వెళ్ళాను. "తప్పు తనది కాదని మీ కళ్ళ ముందే తేలింది కదండీ. మిషను తప్పయితే మిషను బాగుచేయిస్తా అన్నారు," అన్నాను.

"బాగుచేయించాగా," అన్నాడు ఆయన. మాట తప్పింది నేనే అన్నట్టు చూశాడు. తర్వాత లోపలికి వినపడేలా గొంతెత్తాడు. "అయినా నీకు తెలవదులేమ్మా. అది పొద్దున్నే కుర్చీ గుండ్రంగా తిప్పుకుంటా కూర్చుంటది!"

"ఆ అమ్మాయి చీటీ తప్పని మీకు రోజూ చెప్పిందటండీ. మీరే వినలేదట."

"ఎదురు చెప్తది కూడానా? విన్నావా?" అని కేకేశాడు. "శుక్రవారం ప్రార్థనంటది, ముందే పోతానంటది, ఒంట్లో బాలేదంటది! దీన్ని కుర్చీలో కూర్చోబెట్టడమే నా తప్పు!"

"నేను మీ అల్లుడు గారితో మాట్లాడతాను."

"మాట్లాడు. ఇంకో నాలుగు చెప్తారాయన." లేచి తలుపు దాకా వెళ్ళి, ఏరుతున్న వాళ్ళందరి ముందూ నిలబడి, ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, నేనడిగిన ప్రతి మాటకీ జవాబు ఆమెకే చెప్పాడు. నేను ఇంకొకటి అడిగితే ఇంకొకటి చెప్పాడు. కాటా గదిలోంచి గంట మోగింది. పొరపాటున మళ్ళీ నొక్కినట్టున్నారు.

చివరికి నేనే ఏరే చోటికి వెళ్ళాను. ఆ అమ్మాయి దెబ్బ కాయ ఒకటి పట్టుకుని దాన్ని ఎటు పెట్టాలో తెలియక చూస్తోంది. నేను వాళ్ళమ్మ పక్కన గొంతుక్కూర్చుని, దీన్ని ఇలా వదలననీ, సాయంత్రం మళ్ళీ వచ్చి ఓనరుతో కూర్చుని మాట్లాడతాననీ, న్యాయం ఆ అమ్మాయి వైపే ఉందని అందరికీ తెలిసిందనీ చెప్పాను. ఆవిడ కూతురి చేతిలోని కాయ తీసుకుని వెనక్కి వేసింది. ఏరడం ఆపలేదు. నా మొహంలోకి ఆ రోజు మొదటిసారి చూసింది.

"మీరు ఎల్లండి మేడం గారూ. మీరున్నంతసేపూ మా పిల్లని తిడతానే ఉంటాడు."